పిల్లల పళ్ళకు ఫ్లోరైడ్: ముందు నీళ్ళు చూడండి, తర్వాత పేస్టు కొలవండి

మన హైదరాబాద్‌లో ఫ్లోరైడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నల్గొండే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు చుట్టాలున్నవాళ్ళు గార పట్టిన పళ్ళనీ వంగిపోయిన కాళ్ళనీ కళ్ళారా చూసి ఉంటారు, అలాంటి ఇంట్లో టూత్‌పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ అన్న మాట కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయడం సహజం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, దానికి కారణం ఉంది. కానీ అదే భయంతో ఫ్లోరైడ్ లేని పేస్టు ఏరికోరి కొని, మూడేళ్ళకే బిడ్డ ముందు పళ్ళు నల్లబడి, రాత్రిళ్ళు నొప్పితో ఏడుస్తుంటే డాక్టర్ల చుట్టూ తిరుగుతున్న ఇళ్ళు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాయి. ఒకచోట ఫ్లోరైడ్ ఎక్కువై నష్టం, ఇంకోచోట అసలు అందక నష్టం.

నల్గొండలో జరిగింది నీళ్ళ వల్ల. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి, వాటితోనే అన్నం, పప్పు వండుకుంటే అది ఒంట్లోకి చేరి ఎముకల్లో పేరుకుంది, చిన్నపిల్లల్లో అయితే చిగుళ్ళ లోపల ఇంకా తయారవుతున్న పళ్ళను పాడు చేసింది. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్ళి పని చేయదు, పన్ను పైపొరకు తగిలి పని చేస్తుంది. బిస్కెట్టు తిన్నా, పాలు తాగినా నోట్లోని బ్యాక్టీరియా అందులోని చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువని) 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ అనే ఆ పైపొరలోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వచ్చేస్తాయి, కాసేపటికి లాలాజలం వాటిని మళ్ళీ పన్నులోకి చేరుస్తుంది. రోజంతా ఈ పోవడం, రావడం నడుస్తూనే ఉంటుంది. ఆ టైమ్‌లో లాలాజలంలో కొద్దిపాటి ఫ్లోరైడ్ ఉందనుకోండి, తిరిగి చేరే ఖనిజం మునుపటికంటే గట్టిగా తయారవుతుంది, దాన్ని కరిగించాలంటే పీహెచ్ దాదాపు 4.5 దాకా పడిపోవాలి. అందుకే రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెం తగలడం ముఖ్యం, ఒకేసారి ఎక్కువ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

ఇది ఎవరో ఒక డాక్టర్ చెప్పిన మాట కూడా కాదు. పిల్లల మీద జరిగిన చాలా పరిశోధనలను కలిపి కోక్రేన్ సంస్థ 2003లో లెక్కగడితే, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకునేవాళ్ళలో శాశ్వత పళ్ళు పుచ్చడం సుమారు 24 శాతం తగ్గినట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యవసర ఔషధాల జాబితాలోనే చేర్చింది. కాబట్టి వాడాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు, మన ఇంటి నీళ్ళకు, మన బిడ్డ వయసుకు తగ్గట్టు ఎలా వాడాలన్నదే అసలు విషయం.

మొదటి పని: ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివో తేల్చుకోవడం

ఈ ఊళ్ళో ఒకే వీధిలో నాలుగు రకాల నీళ్ళుంటాయి. ఒకరింట్లో జలమండలి నల్లా, పక్కింట్లో బోరు, ఎదురు అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్, మూలమీది ఇంటికి వాటర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల క్యాన్. పైగా చాలా అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు ఒకే సంపులో కలిసిపోతాయి, ఎండాకాలం వస్తే బోరు వాటా పెరుగుతుంది. అందుకే "మాది మంజీరా నీళ్ళే" అని ఊరుకోకుండా వాచ్‌మన్‌నో కమిటీవాళ్ళనో అడిగి, కిచెన్ కుళాయిలోకి ఏం వస్తోందో కనుక్కోండి.

నల్లాలో వచ్చేది మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు, కొన్ని ప్రాంతాలకు గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్ళు. నది నీళ్ళలో, చెరువు నీళ్ళలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. నిజానికి మనకు కృష్ణా నీళ్ళు వచ్చేదే నల్గొండ జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్, కోదండాపూర్ మీదుగా, అయినా వాటితో భయం లేదు, ఎందుకంటే అక్కడి సమస్య భూమి లోపల గ్రానైట్ రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచిపోయిన నీళ్ళది. ఆ ఊళ్ళకు కూడా తర్వాత మిషన్ భగీరథ కింద నది నీళ్ళు ఇచ్చింది ఇందుకే. అయితే మన హైదరాబాద్ కింద ఉన్నదీ గ్రానైటే కాబట్టి బోరు నీళ్ళ మీద మాత్రం నమ్మకంతో ఉండకూడదు. శివార్లలో కొత్తగా కట్టిన కాలనీల్లో ఇంకా నల్లా లైన్ రాక బోరు మీదే బతుకుతున్నవాళ్ళు తప్పకుండా టెస్ట్ చేయించండి, ఒక బోరులో తక్కువున్నా నాలుగిళ్ళ అవతలి బోరులో ఎక్కువుండవచ్చు, కాబట్టి పక్కింటివాళ్ళ రిపోర్టు మీకు పనికిరాదు.

టెస్ట్ ఎక్కడ అంటే, నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ళు పరీక్ష చేస్తారు, గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబుల్లోనూ చేస్తారు. ముందు ఫోన్ చేసి శాంపిల్ ఎంత తేవాలో, ఎలా తేవాలో అడగండి. ఫ్లోరైడ్ కోసమైతే శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టాలి, గాజు సీసా వద్దు. "అన్నీ చేయండి" అనకుండా ఫ్లోరైడ్ కూడా కావాలని విడిగా చెప్పండి, లేకపోతే కొన్నిచోట్ల మామూలు టెస్టుల్లో అది ఉండదు.

రిపోర్టు చేతికొచ్చాక ఫ్లోరైడ్ ఎదురుగా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని రాశారో చూడండి. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం 1.0 వరకు మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు, 1.5 దాటితే తాగకూడదు. నా మాటగా చెప్పాలంటే, ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే 1.0 దాటగానే నీళ్ళు మార్చేయండి, ఎందుకంటే శాశ్వత పళ్ళ ఎనామెల్ లోపల తయారయ్యేది ఆ వయసులోనే, అప్పుడు పడ్డ మచ్చలు ఏ పేస్టుతోనూ పోవు. మార్చాలంటే తాగే నీళ్ళు ఒక్కటే మారిస్తే సరిపోదు, అన్నం, పప్పు, చారు, చిన్నపిల్లలైతే డబ్బా పాలు, రాగిజావ, ఇవన్నీ ఆ మార్చిన నీళ్ళతోనే చేయాలి. స్నానానికి, బట్టలకు పాత నీళ్ళే వాడుకోవచ్చు.

ఇక్కడ కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయి ఉన్నాయి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకాస్త పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ దాన్ని ఆపలేవు. రాగి బిందె తీసేయలేదు. ఆర్ఓ తీసేస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఉన్న ఫిల్టర్ కూడా తీసేస్తుంది. ఇంకొకటి, ఆర్ఓ సర్వీసు చేసే అబ్బాయి పెన్ను లాంటి మీటర్ ముంచి "టీడీఎస్ 80 సార్, నీళ్ళు బాగున్నయ్" అంటాడు చూశారా, ఆ అంకె నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు ఎంతో చెప్తుంది గానీ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ తక్కువున్న బోరు నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు.

ఫ్లోరైడ్ వల్ల పిల్లల తెలివితేటలు తగ్గిపోతాయని వాట్సాప్‌లో తిరిగే మాట సంగతి కూడా చెప్పేస్తాను. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఇచ్చిన నివేదిక, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికీ దానికీ సంబంధం కనిపిస్తోందని చెప్పింది. ఆ మాట నీళ్ళ గురించి, అదీ ఆ మోతాదు దాటిన నీళ్ళ గురించి. అందుకే నీళ్ళ టెస్ట్‌ని మొదటి పనిగా పెట్టాను. ఇది చదివి పేస్టు పారేసి బోరు నీళ్ళు తాగుతూ ఉంటే మాత్రం రెండు విధాలా నష్టపోతాం.

మీ ఇంట్లో ఆర్ఓ నీళ్ళో, క్యాన్ నీళ్ళో తాగుతుంటే నీళ్ళ నుంచి పిల్లల పళ్ళకు ఫ్లోరైడ్ దాదాపు అందదనే లెక్క. అప్పుడు వాళ్ళకు ఆ రక్షణ దొరికేది పేస్టులోనే.

రెండో పని: ట్యూబు వెనక్కి తిప్పి చదవడం

సూపర్ మార్కెట్‌లో పిల్లల పేస్టుల వరుసలో కార్టూన్ బొమ్మలు, స్ట్రాబెర్రీ వాసనలు బోలెడు. ముందు వైపు ఏం రాసినా పట్టించుకోకండి. వెనకాల సన్న అక్షరాల్లో సోడియం ఫ్లోరైడ్ అనో, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో ఉందా, దాని పక్కన ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల పేస్టులో ఎన్ని భాగాలు ఫ్లోరైడో చెప్పే అంకె) అని ఉంది, ఎక్స్‌పైరీ తేదీ ఎప్పుడు, ఈ మూడే చూడాలి. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నియమం ఉంది, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ట్యూబు మీద, డబ్బా మీద ఆ అంకె, ఎక్స్‌పైరీ రెండూ ముద్రించి తీరాలి. కాబట్టి అంకె దొరక్కపోతే అందులో ఫ్లోరైడ్ లేదనే అనుకోండి.

పిల్లల పేస్టుల్లో కొన్నింట్లో 500 పీపీఎం ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు. పుచ్చు ఆపడంలో గట్టి ఆధారాలున్నది 1000, ఆపైన ఉన్న పేస్టులకే. అంటే పెద్దవాళ్ళు వాడే మామూలు 1000 పీపీఎం పేస్టే పిల్లలకూ సరిపోతుంది, మోతాదు ఒక్కటే మారుతుంది. మంట పుడుతుందని ఏడిస్తే ఘాటు తక్కువున్న, అదే 1000 పీపీఎం ఉన్న పిల్లల పేస్టు వెతకండి. లవంగం, వేప, ఉప్పు అని రాసి ఉన్నవాటిలోనూ కొన్నింట్లో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు, పేరు చూసి చెప్పలేం, వెనక చదవాల్సిందే. ఎర్రటి పళ్ళపొడి, బొగ్గు, ఇటుక పొడి మాత్రం పిల్లల నోటికి తాకనివ్వకండి, అవి గరుకుగా ఉండి ఎనామెల్‌ను అరగదీస్తాయి.

మూడో పని: గింజ కొలత

పన్ను కనిపించిన రోజు నుంచి మూడేళ్ళ దాకా బియ్యపు గింజంత పేస్టు. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. అంతే. టీవీ ప్రకటనల్లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలాగా పెడతారు చూశారా, చిన్నపిల్లల విషయంలో అది తప్పు, ఎందుకు తప్పో లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది.

1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, అంటే రెండు పూటలా పెట్టింది పెట్టినట్టు మింగేసినా బిడ్డ ఒంట్లోకి పోయేది 0.2 మిల్లీగ్రాములు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే పోయేది 2 మిల్లీగ్రాములు, దీనికి పది రెట్లు. మరి బ్రష్ నిండా పేస్టు పెడితే? అది దాదాపు ఒక గ్రాము ఉంటుంది, స్ట్రాబెర్రీ రుచికి ఆశపడి రెండు పూటలా మింగితే అదీ 2 మిల్లీగ్రాములే, ఆ బోరు నీళ్ళతో సమానం. కూరలో ఉప్పు లాంటిదే ఇది, అసలు లేకపోయినా చెడుతుంది, చేయి జారినా చెడుతుంది. అందుకే పేస్టు పెట్టే పని పిల్లల చేతికి ఇవ్వకండి, ఆరేళ్ళు దాటేదాకా ట్యూబు నొక్కేది పెద్దవాళ్ళే అయ్యుండాలి. గింజంత పేస్టును బ్రష్ మీద అలా నిలబెట్టకుండా వేలితో కుచ్చుల్లోకి అదిమేస్తే పిల్లలు నాకేయకుండా పన్నుకు అంటుతుంది.

నీళ్ళ రిపోర్టులో ఫ్లోరైడ్ ఎక్కువొచ్చిన ఇళ్ళవాళ్ళు కూడా పేస్టు మానక్కర్లేదు. నీళ్ళు మార్చండి, కొలత పాటించండి, ఉమ్మించండి, ఒకసారి పిల్లల పళ్ళ డాక్టర్‌కు రిపోర్టు చూపించండి.

నాలుగో పని: తోమడం, ముఖ్యంగా రాత్రి

రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అంటే ఆమ్లాన్ని కడిగేదీ లేదు, కరిగినదాన్ని తిరిగి చేర్చేదీ లేదు. మన ఇళ్ళల్లో పిల్లలు పడుకునే ముందు గ్లాసు పాలు, అందులో చక్కెరో చాక్లెట్ పౌడరో, అది తాగిన పది నిమిషాల్లో నిద్ర. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే చిన్నపిల్లలకైతే పై ముందు పళ్ళు ఏడాదిన్నర, రెండేళ్ళకే పుచ్చిపోతాయి. పాలు మానమని చెప్పను, వరుస మార్చండి: ముందు పాలు, తర్వాత తోమడం, ఆ తర్వాత తెల్లారేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. పొద్దున బడి బస్సు హడావిడిలో తోమడం పైపైన అయిపోయినా ఒక రోజుకు పరవాలేదు గానీ రాత్రిది మాత్రం వదలకండి.

ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లలు సొంతంగా సరిగ్గా తోముకోలేరు. వాళ్ళను తోముకోనివ్వండి, సరదా తీరాక మీరు ఒకసారి తోమండి. రెండేళ్ళ బిడ్డతో ఇది కుస్తీలా ఉంటుంది కాబట్టి పద్ధతి చెప్తాను. మీరు కింద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, బిడ్డ తల మీ ఒళ్ళో, కాళ్ళు అటువైపు ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టండి. ఎడమచేతి చూపుడు వేలితో పై పెదవి పైకెత్తి, కుడిచేత్తో బ్రష్ పట్టుకుని చిగురూ పన్నూ కలిసే గీత దగ్గర చిన్నచిన్న గుండ్రాలుగా తిప్పండి. ముందు పళ్ళు అయ్యాక వేలు బుగ్గ లోపలికి జరిపి బుగ్గను పక్కకు లాగితే వెనక పళ్ళు కనిపిస్తాయి, బ్రష్ అటు పోనివ్వండి. నాలుక వైపు మర్చిపోకండి. మొత్తం రెండు నిమిషాలు. బ్రష్ చిన్న తలది, మెత్తటి కుచ్చులది ఉండాలి, కుచ్చులు విచ్చుకుపోతే మూడు నెలలు ఆగకుండానే మార్చేయండి.

తర్వాతది మన అలవాటుకు పూర్తిగా ఎదురు. తోమాక ఉమ్మించండి, నీళ్ళతో పుక్కిలించొద్దు. మనం చిన్నప్పటి నుంచి మూడు నాలుగు చెంబుల నీళ్ళు పుక్కిలిస్తే గానీ నోరు కడిగినట్టు అనుకోం, కానీ అలా చేస్తే పన్ను మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ అంతా వాష్‌బేసిన్‌లోకి పోతుంది. నురగ ఉమ్మేసి, మూతి తుడిస్తే చాలు. ఉమ్మడం రాని చిన్నపిల్లలకు తడిగుడ్డతో నోరు తుడవండి, మిగిలిన కాస్త పేస్టు మింగినా పైన చెప్పిన గింజ లెక్కలో అది భయపడాల్సినంత కాదు. ఉమ్మడం నేర్పడానికి ముందు ఉత్త నీళ్ళతో ప్రాక్టీసు చేయించండి, రెండున్నర, మూడేళ్ళకు చాలామందికి వచ్చేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకండి, చేసి చూపించండి. "అత్తమ్మా, ఊళ్ళె నీళ్ళల్ల ఉన్నది వేరు, ఇది వేరు. చూడుండ్రి, బియ్యపు గింజంతనే పెడుతున్న, మళ్ళ ఉమ్మేస్తడు" అని గింజ పక్కన గింజ పెట్టి చూపిస్తే నల్గొండ బాధ చూసిన పెద్దావిడకు కూడా కుదుటపడుతుంది. వేపపుల్ల వాడే తాతయ్యను మానమని అడగక్కర్లేదు, మనవడికి మాత్రం బ్రష్, పేస్టు ఉండనివ్వమంటే చాలు.

చాయ్ సంగతి. సాయంత్రం ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచి పిల్లలకు తినిపించడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉంది. చాయ్ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని బోరు నీళ్ళలో మరిగిస్తే ఇంకా ఎక్కువ, మీదనుంచి చక్కెర. పిల్లలకు చాయ్ వద్దు. బిస్కెట్టు కావాలంటే భోజనంతో పాటే పెట్టేయండి, పూట పూటకీ మధ్యలో కొంచెం కొంచెం తింటూ ఉంటే నోరు రోజంతా ఆమ్లంలోనే ఉంటుంది, దాన్ని ఏ ఫ్లోరైడూ పూర్తిగా ఆపలేదు.

ఐదో పని: నెలకోసారి పెదవి ఎత్తి చూడటం

పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పళ్ళు గుడ్డతో తుడిచి, పై పెదవి ఎత్తండి. చిగురు అంచున, పన్ను మొదట్లో, సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేని తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదటి గుర్తు. గుంట ఇంకా పడలేదు, నొప్పి ఉండదు. ఈ దశలో పట్టుకుంటే డ్రిల్లింగ్ లేకుండా ఫ్లోరైడ్‌తోనే ఆపొచ్చు, చాలాసార్లు వెనక్కి కూడా తిప్పొచ్చు. గోధుమరంగుకు తిరిగి, గుంట పడ్డాక ఆ అవకాశం ఉండదు.

మరి ఇది పుచ్చో, ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చిన మచ్చో ఎలా తెలుస్తుంది? ఖాయంగా చెప్పాల్సింది డాక్టరే అయినా, ఒక తేడా ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఫ్లోరోసిస్ మచ్చలు జతగా ఉంటాయి, అంటే కుడివైపు ముందు పన్ను మీద ఉంటే ఎడమవైపు అదే పన్ను మీదా ఉంటాయి, పన్నుకు అడ్డంగా సన్నని తెల్ల గీతల్లాగానో మేఘం కమ్మినట్టో వ్యాపించి ఉంటాయి, ఎక్కువగా ఆరేళ్ళ తర్వాత వచ్చే శాశ్వత పళ్ళ మీద కనిపిస్తాయి. పుచ్చు మచ్చ ఎక్కడ పాచి నిలుస్తుందో అక్కడే, చిగురు గీత వెంటే ఉంటుంది.

"పాల పళ్ళే కదా, ఊడిపోతాయి" అనే మాట దయచేసి నమ్మకండి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడినా, వెనక పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి, అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి కొత్త పళ్ళకు చోటుండదు.

ఇక ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాల పళ్ళ వరుసకు వెనకాల నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి ఇవీ పాల పళ్ళేనని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, కానీ ఇవి జీవితాంతం ఉండాల్సినవి. వీటి పైన లోతైన సందులుంటాయి, పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో పక్క పన్ను కంటే కిందే ఉండటంతో బ్రష్ వాటికి తగలకుండా జారిపోతుంది. బ్రష్‌ను బుగ్గ పక్కనుంచి అడ్డంగా పెట్టి, ఆ ఒక్క పన్నును విడిగా తోమండి. పన్ను బయటపడగానే ఆ సందులను మూసే సీలెంట్ గురించి డాక్టర్‌ను అడగండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏమడగాలి

మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి. అక్కడ అడగాల్సిన మాట ఫ్లోరైడ్ వార్నిష్. చిన్న బ్రష్‌తో పళ్ళ మీద పూస్తారు, కొన్ని నిమిషాల పని, సూది లేదు, మిషన్ లేదు. ఇందులో 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం ఉంటుంది, అంకె చూసి కంగారు పడకండి, పూసేది చాలా కొద్దిగా, అది లాలాజలం తగలగానే పన్నుకు అతుక్కుని గంటల తరబడి మెల్లగా ఫ్లోరైడ్ వదులుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి వేస్తారు. కోక్రేన్ 2013లో తేల్చినదాని ప్రకారం వార్నిష్ వల్ల పుచ్చు శాశ్వత పళ్ళలో సుమారు 43 శాతం, పాల పళ్ళలో 37 శాతం తగ్గింది. వేయించిన రోజు గట్టివి, మరీ వేడివి పెట్టకుండా పెరుగన్నం లాంటివి పెట్టండి, ఆ రాత్రి తోమొద్దు, పళ్ళు పసుపుగా కనిపించినా తెల్లారి తోమగానే పోతుంది.

అప్పటికే గుంటలు పడి, బిడ్డ కుర్చీలో కూర్చోనని మొండికేస్తుంటే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని ఒక మందుంది, చుక్క రాస్తే చాలాసార్లు పుచ్చు అక్కడితో ఆగుతుంది. కానీ పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, ముందు పళ్ళకు వేసేముందు ఈ సంగతి మీకు చెప్పారో లేదో చూసుకోండి. ప్రైవేటులో ఖర్చు భరించలేమనుకుంటే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో పిల్లల పళ్ళ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ రాయించుకోండి.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఆరేళ్ళ లోపు పిల్లలకు వద్దు, మింగేస్తారు. ఫ్లోరైడ్ మాత్రలు, చుక్కల మందులు ఎవరైనా చెప్పినా డాక్టర్ రాయనిదే వాడకండి, నీళ్ళలోనే ఎంతుందో తెలియని మన ఊళ్ళో అవి ప్రమాదం.

పేస్టు ట్యూబు పిల్లలకు అందకూడదు

తీపి పేస్టును పిల్లలు ట్యూబులోంచి నేరుగా తింటారు, అందుకే దాన్ని పై అరలో పెట్టండి. బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి వెళ్ళిందంటే అది ఆస్పత్రి కేసు, అంటే పది కిలోల బిడ్డకు 50 మిల్లీగ్రాములు, 1000 పీపీఎం పేస్టు లెక్కలో 50 గ్రాములు, 100 గ్రాముల ట్యూబులో సగం. అంతకంటే బాగా తక్కువ తిన్నా కడుపునొప్పి, వాంతులు రావచ్చు. కాస్త తిన్నాడని తెలిస్తే వెంటనే పాలు పట్టండి, పాలల్లోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కడుపులోనే పట్టేసుకుని ఒంటికి పట్టకుండా తగ్గిస్తుంది. వేలు పెట్టి వాంతి చేయించకండి. ఎక్కువే తిన్నాడని అనుమానం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, ఎన్ని పీపీఎం పేస్టో, ట్యూబులో ఎంత ఖాళీ అయిందో డాక్టర్‌కు తెలిసేలా ఆ ట్యూబు కూడా వెంట పట్టుకెళ్ళండి.